నీళ్ళలో పోయినవాడి రంగు

పోయిన నెల మద్రాసులో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, భోజనాల బల్ల మీద కంచం పెట్టుకోవడానికి చోటు లేకపోవడం చూసి, ఇదేం సంసారమే తల్లీ అని దాన్ని చీవాట్లు పెట్టబోయి ఆగిపోయాను. బల్ల నిండా బొటనవేలంత రంగు సీసాలు, ఈనెపుల్లల్లాంటి కుంచెలు, మెడ వంచిన దీపం, దానికి బిగించిన భూతద్దం, వీటన్నిటి నడుమ ఒక చెక్కముక్క మీద మూరకు కాస్త తక్కువ ఎత్తున రెక్కలు విప్పుకుని నిలబడ్డ రాక్షసుడు. మా అల్లుడు ఏదో కంపెనీలో పెద్ద ఉద్యోగమే చేస్తాడు, నుదుటి దగ్గర జుట్టు కూడా పలచబడుతోంది, అటువంటి మనిషి ఆదివారం పూట స్నానం కూడా చెయ్యకుండా ఆ రాక్షసుడి మోకాలిచిప్పకు రంగు వేస్తూ కూర్చున్నాడు.

నన్ను చూసి మొదట సిగ్గుపడ్డాడు, ఆ సిగ్గు పోగొట్టుకోవడానికి కాబోలు పక్కన కుర్చీ లాగి కూర్చోబెట్టి, ఇది పిల్లల బొమ్మ కాదత్తా, పెద్దవాళ్ళ ఆట అని మొదలుపెట్టి, బల్ల మీద రెండు సైన్యాలను నిలబెట్టి పాచికలు వేసి, టేపుతో దూరాలు కొలుచుకుంటూ యుద్ధం ఎలా ఆడతారో, ఈ రాక్షసుడు దిగాడంటే అవతలి సైన్యం ఎలా చెదిరిపోతుందో, ముందు బూడిదరంగు పూత ఎందుకు వెయ్యాలో, పలచటి నల్లరంగు పోస్తే అది ముడతల్లోకి పోయి ఎలా నిలుస్తుందో, అన్నీ ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. మంచి పిల్లవాడు, పెద్దవాళ్ళకు చెప్పేటప్పుడు విసుక్కోడు. నేను కూడా ఏమీ ఎరగనట్టే తల ఊపుతూ విన్నాను. ఎరుగుదునంటే ఎలా ఎరుగుదువని అడుగుతాడు, అది చెప్పాలంటే మా అన్న సంగతి చెప్పాలి, మా అన్న సంగతి ఎత్తితే ఆ పూట ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. బాగుంది నాయనా అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. కానీ ఆ రంగు వాసన సూళ్లూరుపేటలో రైలు దిగేదాకా నా ముక్కును వదల్లేదు. మన వయసువాళ్ళకైతే, మనిషి కోసం ఎదురుచూడడం అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు గనుక, అల్లుడికి చెప్పనిది మీకు చెబుతున్నాను.

మాది పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ ఇసుక మీద కట్టుకున్న బెస్తపల్లె, మా వైపు కుప్పం అంటారు. మగవాళ్ళు వేటకు పోవడం, ఆడవాళ్ళు చేపల గంప ఎత్తుకుని సూళ్లూరుపేట దాకా పోయి అమ్ముకురావడం, మధ్యాహ్నం పూట చిరిగిన వలలు ముందేసుకుని కుట్టుకోవడం, ఇంతే మా లోకం. నేను పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న రోజుల్లో, తడ ఊరికి ఇవతల పెద్ద రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు వేసి, మద్రాసు షావుకారు ఒకాయన బొమ్మలకు రంగులు వేసే పని పెట్టాడు. బొమ్మలు దొరల సీమల నుంచి అట్టపెట్టెల్లో వచ్చేవి, రంగులు వేయించుకుని మళ్ళీ సీమలకే పోయేవి. ఆడవాళ్ళ కోసం చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి చూసిన ఆయన, మా కుప్పంలో వల కుట్టే చేతులు చూసి, ఈ చేతులు నాకు కావాలన్నాడట. అలా మేం కొంతమందిమి గంపలు దించి కుంచెలు పట్టుకున్నాం.

మాకు పని నేర్పింది ఒక గూడూరు మేస్త్రీ. అంతకుముందు అంగళ్ళకు బోర్డులు రాసుకునేవాడట, మనిషికి నోరు ఎక్కువ, మనసు మాత్రం మెత్తన. ఇవి పెద్దవాళ్ళు ఆడుకునే బొమ్మలని ఆయన చెప్పిన రోజున మేం నమ్మలేదు, నమ్మినాక నవ్వు ఆపుకోలేకపోయాం. గడ్డాలు మీసాలు పెంచుకున్న దొరలు బల్ల చుట్టూ మూగి నీ సిపాయిని చంపాను, నా సిపాయిని చంపావు అని పోట్లాడుకోవడం తలచుకుని కడుపు పట్టుకునేవాళ్ళం. చిటికెనవేలంత సిపాయిలకు మా కుప్పంలోవాళ్ళ పేర్లు పెట్టుకున్నాం. గద పట్టుకుని పళ్ళు ఇకిలించేవాడికి ఒకామె తన అత్తగారి పేరు పెట్టి, ఆ బొమ్మకు రంగు వేసేటప్పుడు మటుకు ఎంతో శ్రద్ధ చూపించేది. కుంచె మొన సూదిలా నిలవాలని నాలుకతో తడిపి నున్నగా చేసేవాళ్ళం, వద్దని మేస్త్రీ ఎంత మొత్తుకున్నా మానలేదు, ఇంటికి పోయి ముద్ద నోట్లో పెట్టుకుంటే అన్నం కూడా రంగులాగే ఉండేది. శ్రీహరికోటలో రాకెట్ లేచే రోజైతే బల్లలన్నీ గడగడలాడేవి. అది తెలిసి ఆ వేళకు అందరం కుంచెలు పైకెత్తి పట్టుకుని కూర్చునేవాళ్ళం, ఎత్తడం మరిచినవాళ్ళ సిపాయికి మూతి మీద మీసం ఒకటి అదనంగా మొలిచేది.

ఆ షెడ్డులో అందరికంటే చెయ్యి తిరిగింది మా వదినకు. మా అన్న భార్య, సరస్సు అవతలి ఊరి పిల్ల, మాట తక్కువ. పెళ్ళై వచ్చిన కొత్తలో దీనికి పొగరు అని మా అమ్మ అనుకుంది, కొన్నాళ్ళకు అది పొగరు కాదు, స్వభావమే అంత అని తెలుసుకుంది గానీ అనుకున్న మాట వెనక్కు తీసుకోలేదు. బొమ్మలకు కళ్ళు వేయడమంటే షెడ్డులో మా అందరికీ గుండె దడ. కళ్ళు ఎప్పుడూ ఆఖరున వేసేవాళ్ళం, గుళ్ళో విగ్రహానికి కూడా కళ్ళు ఆఖరునే గదా తెరుస్తారు, అదే మాకు అలవాటైంది. చెయ్యి వణికి చుక్క పక్కకు పోతే అంతవరకు చేసిన పని బూడిదలో పోసినట్టే. మా వదిన మాత్రం ఊపిరి బిగబట్టి ఒక్క చుక్కతో తేల్చేసేది, దాంతో ఎవరి బొమ్మకైనా కళ్ళు వేసేది ఆమే అయింది.

ఆమె షెడ్డులో చేరిన మరుసటి ఏడు తుఫాన్ల కాలంలో మా అన్న పోయాడు. పోయాడని ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పుడు ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనడానికి లేదు. పడవలో నలుగురు వేటకు వెళ్ళారు, సాయంకాలానికి గాలి తిరిగింది. ఇద్దరు దక్షిణాన ఎక్కడో ఒడ్డుకు కొట్టుకొచ్చారు. ఒకడు వేరే పడవవాళ్ళకు ప్రాణాలతో చిక్కాడు. మా అన్న అటు చచ్చినవాళ్ళలోనూ ఇటు బతికినవాళ్ళలోనూ చేరకుండా పోయాడు. బతికొచ్చినవాడు మా ఇంటి ముందు కూలబడి ఏడుస్తూ, పడవ తిరగబడ్డాక మా అన్న ఖాళీ నూనె క్యాను ఒకటి చంకలో ఇరికించుకుని తేలుతూ ఉండగా చూశానని, తర్వాత అల అడ్డం వచ్చిందని చెప్పాడు. ఆ మాట విని మా అమ్మ గుండెలు బాదుకుంది. మా వదిన మాత్రం క్యాను మూత బిగించి ఉందా లేదా అని అడిగింది. ఉన్నట్టే గుర్తు అన్నాడు అతను. ఆ బిగించిన మూత మీద మా వదిన బతకడం మొదలుపెట్టింది.

ఆమెను పిచ్చిదని అనడానికి లేదు. మా కుప్పానికి పైన ఇంకో కుప్పంలో ఒకతను ఇలాగే కొట్టుకుపోయి, గడ్డిబొమ్మకు కర్మలు కూడా చేయించుకుని, పెళ్ళాం గాజులు పగలగొట్టుకున్నాక, పొరుగుదేశపు జైల్లోంచి విడుదలై గడ్డం పెంచుకుని ఇంటికి నడిచి వచ్చాడు. వచ్చినవాడు బోసిగా ఉన్న పెళ్ళాం మెడను చూసి ఒక్క మాట కూడా అనలేదట, ఆ తర్వాత కూడా ఎన్నడూ ఆమె మొహం వైపు నేరుగా చూడలేదట. ఈ కథ మాకందరికీ తెలుసు. సముద్రంలో దొరకని మనిషికి గడ్డితో బొమ్మ కట్టి, వాడి బట్టలు తొడిగి, ఆ బొమ్మకు స్నానం చేయించి దహనం చెయ్యడం మాలో ఉన్నదే. మా అమ్మ అదే చెయ్యాలని పట్టుబట్టింది. కర్మ జరగని మనిషి ఆకలితో ఒడ్డునే తిరుగుతాడని, పొద్దున్నే ఇసుక మీద కొడుకు అడుగులు కనిపిస్తున్నాయని ఏడ్చేది. మా వదిన ఏడవకుండా, బొట్టు పెద్దదిగా పెట్టుకుని షెడ్డుకు పోయేది. ఇద్దరూ ఒకే మనిషి కోసం కుమిలిపోతూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు, ఉప్పు అందుకోవాలన్నా నన్నే అడిగేవాళ్ళు.

వానలు పోయి ఎండలు ముదిరాయి. గంగమ్మకు పొంగళ్ళు పెట్టే కాలం దగ్గరపడ్డాక కుప్పం పెద్దకాపులు, అంటే మా కులపెద్దలు, కూర్చుని, పొంగళ్ళు పెట్టేలోపు ఇంట్లో ఆ పని కానిచ్చేయమని మా అమ్మకు చెప్పి పంపారు. మా వైపు కాపులు చెప్పారంటే జరగవలసిందే. సూళ్లూరుపేట నుంచి నాకొక సంబంధం వచ్చి, ఈ ఇంట్లో చావో బతుకో తేలితే గానీ మాట్లాడలేమని వాళ్ళు ఆగి ఉన్నారు, అదీ వదినకు తెలుసు. నేను నోరు తెరిచి ఏమీ అడగలేదు. అడగకుండా ఆమె పక్కన కూర్చుని పని చెయ్యడం ఎంత బరువో, చేసినవాళ్ళకే తెలుస్తుంది.

సరిగ్గా అప్పుడే ఆ పెద్ద బొమ్మ వచ్చింది. అంతవరకు వేలెడంత సిపాయిలే చూసినవాళ్ళం, ఇది ముక్కలు ముక్కలుగా ఒక పెట్టె నిండా వచ్చింది. సబ్బునీళ్ళతో కడిగి, జిగురుతో అతికించి, సందులకు మైనంలాంటి పిండి పూసి నిలబెడితే, సముద్రంలోంచి నడుము దాకా లేచిన రాక్షసుడు. ఒళ్ళంతా గుల్లలు, నాచు, గడ్డం నిండా తెగిన తాళ్ళు, ఒక చేతిలో విరిగిన తెరచాప కొయ్య, రెండో చేతి పిడికిట్లో ఒక నావికుడు. చుట్టూ చెక్కిన అలల్లో మునిగిన మనుషులు, చేతులు, ఒక పీపా. షెడ్డులో నవ్వులాటలు ఆగిపోయాయి. షావుకారుకు ఇది పెద్ద పని, ఇది బాగా కుదిరితే ఇంకా వస్తాయని, దీన్ని మీ వదిన తప్ప ఎవరూ చెయ్యలేరని మేస్త్రీ నాతో అన్నాడు, ఆమెతో నేరుగా అనడానికి ఆయనకూ నోరు రాలేదు. ఇష్టం లేకపోతే వద్దమ్మా అని కూడా నాతోనే చెప్పించాడు. ఆమె ఆ బొమ్మను కాసేపు చుట్టూ తిప్పి చూసి, బూడిదరంగు పూత తెమ్మంది.

రాక్షసుడి పని చాలా రోజులు నడిచింది. ముందు పూత, దాని మీద ముదురు పచ్చ, అది ఆరాక పలచటి నల్లరంగు ఒళ్ళంతా పారించి, ఆరాక ఎండుకుంచెతో ఎత్తుల మీద లేతరంగు రుద్దుకుంటూ పోవాలి, అప్పుడే కండలు కండల్లా, గుల్లలు గుల్లల్లా పైకి తేలతాయి. అలలు నాకు అప్పగించింది. నీళ్ళు నీలంగా వేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపి, తుఫానులో సముద్రం నీలంగా ఉంటుందా అంది. నిజమే, మా సముద్రం గాలి తిరిగిన రోజున బురదరంగులో ఉంటుంది. చూసిన రంగును వదిలి చూడని రంగు వెయ్యడం ఆమెకు చేతకాదు. ఆ బురద అలలు నేను వేస్తుంటే నా చెయ్యి నా అన్నను వెతుకుతున్నట్టే అనిపించి, మధ్యలో లేచి బయటికి వెళ్ళి రోడ్డు మీద లారీలను చూస్తూ నిలబడేదాన్ని.

పిడికిట్లో నావికుడిని విడిగా సూదికి గుచ్చి రంగులు వేసి, ఆఖరున పిడికిట్లో అతికించాలి. చచ్చి వేలాడుతున్న మనిషి. తల వెనక్కు వాలిపోయి, నోరు తెరుచుకుని ఉంటుంది. సీమ నుంచి వచ్చిన రంగు ఫోటోలో వాడిని సున్నం కొట్టినట్టు తెల్లగా, పెదవులు నీలంగా వేసి చూపించారు. మా వదిన ఆ ఫోటోను బోర్లా తిప్పి పెట్టింది. నాకు వీపు పెట్టి కూర్చుని, ఆ రోజంతా నన్ను చూడనివ్వలేదు. సాయంకాలం చూపించిన బొమ్మలో నావికుడు లేడు. ఎండకు కాలిన నల్లటి ఒళ్ళు, భుజాల మీద చెమట మెరుపు, ఎరుపు తెలుపు గళ్ళ చొక్కా, మోకాళ్ళ పైకి కట్టిన లుంగీ, ఎడమ కనుబొమ మీద గాలం గీరుకున్న మచ్చ. కళ్ళు బార్లా తెరిచి, నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క పెట్టింది. ఆ చుక్క ఉంటే బొమ్మ బతుకుతుంది, అది మాకు మేస్త్రీ మొదటి రోజు నేర్పిన పాఠం. మా అన్న రాక్షసుడి పిడికిట్లో బతికే ఉన్నాడు, మమ్మల్నే చూస్తున్నాడు.

బల్ల పట్టుకుని కూర్చున్నాను. మేస్త్రీ వచ్చి చూశాడు, ఆయనకు మా అన్న ఎలా ఉంటాడో తెలియదు, తెలిసింది ఫోటోలో ఉన్న శవం ఒక్కటే. ఇదేందమ్మా, చచ్చినవాడికి చెమటలు పోస్తాయా అని గొంతు పెంచాడు. మా వదిన తల ఎత్తలేదు. మెల్లగానే అంది గానీ, షెడ్డులో అందరికీ వినపడింది.

"చచ్చినోడి రంగెయ్యాలంటే ముందు చచ్చినాడని తెలియాల గదన్నా. నాకెవురూ చెప్పలా."

అప్పుడు అర్థమైంది ఆయనకు. తల మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. కానీ బొమ్మ పోవలసింది పోవలసిందే, బయట షావుకారు మనిషి పెట్టె సిద్ధం చేయిస్తున్నాడు, ఎంతమంది ఆడవాళ్ళ కూడు ఆ పెట్టెతో ముడిపడి ఉందో ఆయనకు తెలుసు. ఆఖరుకు, నేను నీకు చెప్పగలిగినవాణ్ణి కాదు తల్లీ, రేపు నువ్వు వెయ్యలేకపోతే వేరేవాళ్ళ చేత వేయిస్తాను, నన్ను తిట్టుకోవద్దు అన్నాడు. వేరేవాళ్ళంటే ఎవరో అందరికీ తెలుసు, ఆమె తర్వాత చెయ్యి తిరిగినదాన్ని నేనే.

ఆ సాయంకాలం షెడ్డు వాళ్ళ వ్యానులో ఇంటికి పోతూ మేమిద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. సరస్సు నీళ్ళు బాగా తగ్గిపోయి తెల్లగా ఉప్పు తేలి ఉంది. కుప్పం దగ్గరకొచ్చాక వదిన నా వైపు తిరక్కుండానే అడిగింది, నీ చేత వేయిస్తే వేస్తావా అని. వెయ్యను వదినా అన్నాను. నువ్వు కాకపోతే ఇంకొకత్తె వేస్తుంది అని ఆమే జవాబు చెప్పుకుంది. మా అమ్మ వడ్డించిన అన్నం ఆ పూట, అన్న పోయాక మొదటిసారి, అమ్మకు ఎదురుగా కూర్చుని తిన్నది. అమ్మ ఆమె కంచంలో చేపముక్క వేసింది, ఆమె వద్దనలేదు.

మరునాడు మాకంటే ముందే తయారై వ్యాను కోసం నిలబడింది. షెడ్డులో కూర్చోగానే సూది మీద నుంచి ఆ చిన్నమనిషిని తీసి, ఒక గిన్నెలో స్పిరిట్ పోయించుకుంది. వేసిన రంగు పోగొట్టాలంటే అందులో నానబెట్టి పాత పళ్ళబ్రష్షుతో రుద్దాలి. ఆ మొరటు పని మామూలుగా కొత్తగా చేరినవాళ్ళకు అప్పగిస్తాం, అలవాటు కొద్దీ నేను చెయ్యి చాపితే నా చెయ్యి పక్కకు తోసింది.

"వేరేవోళ్ళ చెయ్యి పడకూడదు పాపా. నీళ్ళు పోసేది మనమే పొయ్యాల."

బ్రష్షుతో రుద్దలేదు. వేలి కొసలతో, పసిబిడ్డకు నలుగు పెట్టినట్టు, మొహం, మెడ, చేతులు, వీపు, పాదాలు వరుసగా తోమింది. గళ్ళ చొక్కా కరిగి గిన్నెలోకి ఎర్రగా దిగింది. కనుబొమ మీద మచ్చ పోయింది. కళ్ళు పోయాయి. చీర కొంగుతో తుడిచి, మళ్ళీ పూత వేసి ఆరబెట్టింది. సముద్రంలో పోయినవాడికి మిగతావాళ్ళకు దొరికినట్టు తనవాళ్ళ చేతి స్నానం దొరకదు, అదే మా ఆడవాళ్ళకు చావుకంటే పెద్ద బాధ. నేను ఎదుట కూర్చుని చూస్తున్నది ఆ స్నానమేనని తెలిసింది. చుట్టుపక్కల బల్లల దగ్గర ఒక్కొక్కరే కుంచెలు కింద పెట్టేశారు. మేస్త్రీ బయటికి వెళ్ళిపోయాడు.

తర్వాత రంగు కలిపింది. ఫోటోలోని తెలుపు ముట్టుకోలేదు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఆమె తండ్రి సముద్రంలో పోయి, కొన్నాళ్ళకు ఒడ్డుకు వచ్చాడు, ఆ ఒళ్ళు ఏ రంగులో ఉంటుందో ఆమె మరవలేదు. మట్టిరంగులో కాస్త పచ్చ, కాస్త ఊదా, దాని మీద నీళ్ళంత పలచటి బూడిదరంగు. కలుపుతూ, వేస్తూ, ఎందుకు ఆ చోట ఆ రంగో నాకు మెల్లగా చెప్పసాగింది. అరచేతులు, పాదాలు తెల్లగా నాని ముడతలు పడతాయి, అక్కడ లేతరంగు. మెడ కింద, చెవుల వెనక నలుపు తిరుగుతుంది. పెదవులు నీలంగా ఉండవు, ఉండవంటే పెదవులే ఉండవు, చేపలు మిగల్చవు అంది, ఆ చోట మటుకు కుంచె ఆగింది, చివరకు ఒళ్ళు రంగే వేసి వదిలేసింది. వంట నేర్పేదాని లాగే చెప్పింది. వింటున్న నాకే కళ్ళు కనిపించడం మానేశాయి.

ఆఖరున కళ్ళు. బొమ్మలో చెక్కినవి తెరిచిన కళ్ళు, వాటిలో తెల్లటి గుడ్లు వెయ్యమనే ఫోటోలో ఉంది. ఆమె కుంచె నాలుకతో తడిపి, మొన చేసి, ఊపిరి బిగబట్టి, తెరిచిన కళ్ళ మీద ఒంటి రంగే వేసేసి, కింద సన్నటి నల్లగీత గీసింది. రెప్పలు మూసినట్టయింది. ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను. మూసినాక కాసేపు ఆ బొమ్మను అరచేతిలో పెట్టుకుని కూర్చుంది, అప్పుడు మొదటిసారి ఏడ్చింది. తుఫాన్ల కాలం నుంచి దాచుకున్న ఏడుపు, పెద్దగా, అరుస్తూ, బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు, ఓదార్చకూడదని అందరికీ తెలిసింది. ఏడుపు తగ్గాక లేచి, చేతులు కడుక్కుని, నాతో అంది:

"అత్తకు చెప్పు పాపా. గడ్డిబొమ్మ కట్టమను. గళ్ళ చొక్కా నా పెట్టెలో ఉండాది, ఇస్తాను."

గంగమ్మ పొంగళ్ళకు ముందు వచ్చిన అమావాస్య నాడు ఒడ్డున కర్మ జరిగింది. మా అమ్మ, మా వదిన ఒకరిని ఒకరు పట్టుకుని నడిచారు. గడ్డిబొమ్మకు గళ్ళ చొక్కా తొడిగింది వదినే. అందరూ ఆమెను చూసి, ఎంత నిబ్బరమో అని ఆశ్చర్యపోయారు. ఆమె అసలు పని షెడ్డులో ముందే అయిపోయిందని నాకూ, షెడ్డు ఆడవాళ్ళకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆ తర్వాత కొన్నాళ్ళకు నా పెళ్ళి కుదిరింది, నేను సూళ్లూరుపేటకు కాపురానికి పోయే లోపల ఇంకొకటి జరిగింది. అది కూడా చెప్పాలి.

రాక్షసుడు పెట్టెలో పడుకుని సముద్రం దాటి పోయాడు. కొన్న దొర ఆ బొమ్మను చూసి పొంగిపోయాడట. అన్నిటికంటే పిడికిట్లో శవం బాగుందట, తమ దేశంలో ఎవరూ నీళ్ళలో పోయినవాడిని ఇంత నిజంగా వెయ్యలేదట, ఆ మూసిన కళ్ళు చూసి తన స్నేహితులంతా మాటలు మరిచిపోయారట. అలాంటి రాక్షసులు ఇంకా కావాలి, ప్రతి దానిలోనూ శవం అలాగే ఉండాలి, కళ్ళు అలాగే మూసి ఉండాలి అని రాశాడట. షావుకారు షెడ్డుకు వచ్చి మిఠాయి పంచాడు. మేస్త్రీ మిఠాయి తీసుకోలేదు. తలుపు దగ్గర నిలబడి మా వదిన వైపు చూస్తూ, వద్దని చెప్పు తల్లీ, నేను చెప్పుకుంటాను అన్నాడు. ఆమె వద్దనలేదు. పెట్టెలు వచ్చాయి, ఆమె వేసింది. బూడిదరంగు పూత వేసిన మా అన్నలు వరుసగా సూదుల మీద నిలబడితే, ఆమె ఒక్కొక్కడి కళ్ళు మూసుకుంటూ పోయింది. ఆ రోజుల్లో నేను ఆమె మొహం చూడలేకపోయేదాన్ని. ఇప్పుడు చూడగలుగుతానా అంటే అదీ లేదు. దొర మీద కోపం తెచ్చుకుందామంటే ఆయనకేం తెలుసు, బొమ్మ బాగుంటే బాగుందన్నాడు. ఎక్కడో చలిదేశాల్లో బల్లల మీద ఇప్పటికీ మా అన్నను ఎవరో పట్టుకుని లేపుతూ, దించుతూ, పాచికలు వేసుకుంటూ ఉంటారు, ఆ మనిషికి వలలో పెద్ద చేప పడితే ఇంటి దాకా ఈలవేస్తూ వచ్చే అలవాటు ఉండేదని వాళ్ళకు తెలిసే దారి లేదు.

షెడ్డు ఎప్పుడో మూసేశారు. మేస్త్రీ పోయాడని గూడూరు వైపు వాళ్ళెవరో చెప్పారు. మా అమ్మ కూడా పోయింది, పోయేదాకా వదిన చేతి అన్నమే తిన్నది. వదిన ఇంకా కుప్పంలోనే ఉంది, చూపు మందగించింది, ఇంటి ముందు కూర్చుని తడుముకుంటూ వల కుడుతుంది. రోజులు ఎంత మారాయో ఆ కుప్పానికి పోతే తెలుస్తుంది. ఇప్పుడు ప్రతి పడవలోనూ ఫోను, దారి చూపే పెట్టె, గాలి తిరగబోతోందంటే ముందే కబురు, మనిషి ఎక్కడున్నాడో ఒడ్డున కూర్చుని వేలితో చూపిస్తారు. నాకు ఇది చాలా సంతోషం, మా అన్న పడవలో ఆ పెట్టె ఒకటి ఉండి ఉంటే అని అనుకోని రోజు లేదు.

మొన్న వానల్లో మా కుప్పం పడవ ఒకటి తిరగబడింది. పొద్దున్న జరిగితే మధ్యాహ్నానికి అందరినీ తెచ్చి ఇసుక మీద పడుకోబెట్టారు, చీకటి పడకముందే అన్నీ ముగిశాయి. అందులో ఒకడికి కొత్తగా పెళ్ళైంది. వదినను చూడడానికి వచ్చి అక్కడే ఉన్నాను గనుక, పలకరించడానికి ఆ సాయంకాలమే నేనూ వదినా వెళ్ళాం. ఆ పిల్ల గోడకు ఆనుకుని ఏడవకుండా కూర్చుని ఉంది, పొద్దున్న ఆరేసిన అతని బట్టలు తీగ మీద ఇంకా తడిగానే ఉన్నాయి. వదిన ఆ పిల్ల తల తన ఒడిలోకి తీసుకుని చాలాసేపు నిమిరింది. తిరిగి వచ్చేటప్పుడు నా భుజం పట్టుకుని నడుస్తూ, సముద్రం వైపు మొహం తిప్పి, తనలో తాను అనుకున్నట్టు అంది.

"పాపం ఆ బిడ్డికి ఎదురుచూసేదానికి ఒక్క పూట గూడా దొరకలా."

ఇద్దరం ఇసుకలో మెల్లగా ఇంటికి నడిచాం.